కిష్టారం: శిబిరం నుంచి ఊరికా, ఊరి నుంచి బయటికా

కిష్టారం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లా కుంట తహసీలులోని అడవి ఊరు. అడవి దిగితే తెలంగాణలోని చర్ల మండలం వస్తుంది. ఈ సరిహద్దు పల్లెల్లో ఉండేది కోయలు, మురియాలు, దోర్లలు. దోర్లల మాటల్లో తెలుగు విరివిగా వినిపిస్తుంది. ఉప్పు, బట్ట, మందు, కూలి పని, పెళ్లి సంబంధం వేటికైనా వీళ్లకు గోదావరి వైపు రాకపోకలు తరతరాలుగా ఉన్నవే. సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. కానీ కాన్పు కష్టమైతే భద్రాచలం ఆసుపత్రి, చేతిలో డబ్బు ఆడకపోతే ఖమ్మం మిరప చేలు గుర్తుకు రావడం మాత్రం మారలేదు. రాష్ట్రాల గీత మనుషుల మధ్య గీత కాలేదు. ఈ ప్రాంతపు యుద్ధాన్ని, దాని తర్వాత రావలసిన శాంతిని అర్థం చేసుకోవడానికి ఇది మొదట గమనించవలసిన విషయం.

దేశంలో చాలామంది కిష్టారం పేరు విన్నది 2018 మార్చి 13న. కిష్టారం నుంచి పాలోడి వెళ్లే దారిలో మావోయిస్టులు మందుపాతర పేల్చారు. మందుపాతరను తట్టుకోవడానికే తయారైన వాహనం తునాతునకలైంది. సీఆర్పీఎఫ్ 212వ బెటాలియన్‌కు చెందిన 9 మంది జవాన్లు చనిపోయారు. పాలోడి దారి అంటే కొత్త శిబిరానికి వెళ్లే దారి. ఈ అడవుల్లో దారి ఎప్పుడూ ఉత్త దారి కాదు. ప్రభుత్వానికి అది అభివృద్ధి. మావోయిస్టులకు అది బలగాలు లోపలికి వచ్చే మార్గం. ఊరివాళ్లకు అది అంబులెన్సు రావడానికీ, అర్ధరాత్రి ఎవరో వచ్చి ఇంటివాణ్ని పట్టుకుపోవడానికీ పనికొచ్చేది. ఘర్షణ నడిచే సమాజాల్లో అభివృద్ధి అంటే ఏమిటన్న ప్రశ్న మొత్తం ఆ కొద్ది కిలోమీటర్ల మట్టిలో ఉంది.

శాంతి నిర్మాణం అనే మాటను ఐక్యరాజ్యసమితి వాడుకలో స్థిరపరచింది 1992లో అప్పటి ప్రధాన కార్యదర్శి బూత్రోస్ ఘాలీ సమర్పించిన నివేదిక. అంతకు చాలా ముందు, 1969లో, నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ శాంతిని రెండుగా విడదీసి చూశాడు. కాల్పులు ఆగడం ఒకటి. కాల్పులకు దారితీసిన అన్యాయం పోవడం మరొకటి. మొదటిది బలంతో సాధించవచ్చు, రెండోది బలంతో రాదు. 1999లో మేరీ ఆండర్సన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, యుద్ధం నడిచే చోట బయటినుంచి వచ్చే బియ్యం, బడి, బావి కూడా ఏదో ఒక పక్షానికి బలమవుతాయని, ఇచ్చేముందు అది చూసుకోవాలని చెప్పారు. 2011లో ప్రపంచ బ్యాంకు తన ప్రపంచ అభివృద్ధి నివేదికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించి, పౌరుల భద్రత, న్యాయం, ఉపాధి మూడూ కలిసి రావాలని తేల్చింది. కిష్టారం ఉన్న బస్తర్‌లో జరిగింది వేరు. అక్కడ అభివృద్ధి శిబిరంలో పుట్టి ఊరివైపు నడిచింది. ఊరు తానే నిర్ణయించి బయటివాళ్లను కోరిన అభివృద్ధి కానంతవరకు దాన్ని శాంతి నిర్మాణం అనడం తొందరపాటు.

యుద్ధం ఇక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన ఏర్పడిన పీపుల్స్‌వార్ పార్టీ చిన్న చిన్న దళాలను అడవుల్లోకి పంపింది. వాటిలో కొన్ని గోదావరి దాటి గడ్చిరోలికి, బస్తర్‌కు చేరాయి. అప్పటికి అక్కడి ఆదివాసీకి సర్కారు అంటే ఫారెస్టు గార్డు. పోడు కొట్టుకుంటే మామూళ్లు, కట్టె తెచ్చుకుంటే కోడి, గొర్రె. తునికాకు కట్టకు కాంట్రాక్టరు ఇచ్చేది చిల్లర. తునికాకు రేటు పెంచమని, అటవీ సిబ్బంది దోపిడీ ఆపమని మొదలైన పోరాటాలు దళాలకు ఊళ్లలో చోటు సంపాదించిపెట్టాయి. ఆ తర్వాత ఊళ్లలో సంఘాలు వచ్చాయి, భూముల పంపకం జరిగింది, పటేళ్ల పెత్తనం తగ్గింది. దాంతోపాటే ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో మనుషులను చంపడం, ఎన్నికల బహిష్కరణ, రోడ్లు తవ్వేయడం, బడి భవనాలను పేల్చేయడం కూడా వచ్చాయి. బలగాలు బడుల్లో దిగుతాయన్నది వాళ్లు చెప్పిన కారణం. బలగాలు బడుల్లో దిగిన మాటా నిజమే. రెండు వైపులా కలిసి ఒక తరం పిల్లల చేతిలో పలక లేకుండా చేశాయి.

ఈ కథలో ఆంధ్రప్రదేశ్ వంతు గురించి తెలుగు పాఠకులు తరచుగా మరిచిపోయేది ఒకటుంది. 1997 నుంచి ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలో పౌరస్పందన వేదిక ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య మాట కలిపే ప్రయత్నం ఓపికగా చేసింది. శంకరన్ ఐఏఎస్ అధికారి. 1987లో తూర్పుగోదావరి మన్యంలో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఒకరు. అయినా చర్చలనే నమ్మారు. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో మొదటి విడత చర్చలు జరిగాయి. అప్పటికి కొన్ని వారాల ముందే పీపుల్స్‌వార్, మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ (ఎంసీసీఐ) కలిసి మావోయిస్టు పార్టీగా మారాయి. ఆయుధాలతో తిరగడంపై, భూమి పంపకంపై ఏకాభిప్రాయం కుదరలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. 2005 జనవరిలో పార్టీ చర్చలనుంచి తప్పుకుంది. ఆగస్టు 15న మావోయిస్టులు మక్తల్ ఎమ్మెల్యే సి. నర్సిరెడ్డిని కాల్చి చంపారు. రెండు రోజులకే పార్టీపై నిషేధం తిరిగొచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు ప్రత్యేక దళమైన గ్రేహౌండ్స్ ఒత్తిడికి పార్టీ శక్తులు దండకారణ్యం వైపు జరిగాయి. మాట హైదరాబాద్‌లో తెగింది, దాని భారం బస్తర్ పల్లెల మీద పడింది. ఆ ఊళ్లవాళ్లను ఏ చర్చకూ ఎవరూ పిలవలేదు.

అదే 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలోని కుట్రు దగ్గర సల్వాజుడుం మొదలైంది. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముఖం. బీజేపీ రాష్ట్ర ప్రభుత్వం దానికి వెన్నుదన్ను. మావోయిస్టులపై జనం తిరుగుబాటు అన్నారు. కొందరిలో ఆ కోపం నిజంగానే ఉంది కూడా. అయితే కొద్ది నెలల్లోనే అది ఊళ్లను ఖాళీ చేయించే కార్యక్రమంగా మారింది. జుడుం, బలగాలు ఊరి మీదికి వచ్చేవి. ఇళ్లు తగలబడేవి, ధాన్యం కాలిపోయేది. ఊరివాళ్లకు మిగిలినవి మూడే దారులు: రోడ్డు పక్క శిబిరానికి వెళ్లడం, అడవిలో దాక్కోవడం, గోదావరి వైపు దాటిపోవడం. 640కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయని అప్పటి అంచనా. దోర్నపాల్, ఎర్రబోరు, కుంట రోడ్డు పక్క రేకుల షెడ్లలో వేలమంది ఉండేవారు. రేషన్ దుకాణాలు కూడా రోడ్డు పక్కకే వెళ్లిపోయాయి. అడవిలో ఉండిపోయిన ఇల్లాలు కిలోల లెక్క బియ్యం కోసం రోజుల నడక నడవాల్సి వచ్చింది. శిబిరంలోనూ క్షేమం లేదు. 2006 జూలైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరంపై దాడి చేసి 30 మందికి పైగా ఆదివాసీలను చంపారు. అందులో పిల్లలూ ఉన్నారు.

ఊళ్లను ఒకచోటికి చేర్చి గెరిల్లాలను ఒంటరి చేయడం బ్రిటిష్‌వాళ్లు 1950 తర్వాత మలయాలో చేసిన పని. స్వతంత్ర భారతం 1967లో మిజో కొండల్లో అదే పని చేసింది. మిజోరంలో దాని గాయం మాన్పడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1986 జూన్ 30 ఒప్పందంతో, మరుసటి ఏడాది రాష్ట్ర హోదాతో, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి కావడంతో అది ముగిసింది. మిజోరంలో ఆ శాంతి నిలబడటానికి ఒక కారణం, అక్కడివాళ్లకు తమ ఊరి, తమ రాష్ట్రపు పెత్తనం తమ చేతికే రావడం. బస్తర్ ఆదివాసీకి అలాంటిదేదీ ఇంకా దక్కలేదు.

సల్వాజుడుం పేరిట ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా తీసుకుని తుపాకులిచ్చిన పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో ఆ తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి తెలుగువారు. తీర్పు వచ్చాక ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి వాళ్లనే సహాయక బలగంగా మార్చుకుంది. అది కోర్టు ధిక్కారమన్న పిటిషన్‌ను 2025 మేలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఊరిలో పెరిగి దళంలో చేరిన యువకుడే లొంగిపోయాక పోలీసు జట్టులో చేరి, తన పక్క ఊరికే తుపాకితో వెళ్లడం అక్కడ ఇప్పటికీ మామూలు. యుద్ధం ముగిశాక ఆ యువకుడు, ఆ పక్క ఊరు ఎలా కలిసి బతుకుతారన్న దానికి ఏ పథకంలోనూ పద్దు లేదు.

గోదావరి వైపు దాటినవారి సంగతి నిదానంగా చెప్పుకోవలసినది. పూర్వపు ఖమ్మం, వరంగల్, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల అడవుల్లోకి వేలాది కుటుంబాలు వచ్చాయి. ఇక్కడ వాళ్లను గుత్తికోయలు అంటారు. వాగు పక్కన, రోడ్డుకు దూరంగా నలభై, యాభై గుడిసెలు. నీళ్లకు చెలమ. కరెంటు లేదు. మొదటి ఏళ్లలో అటవీశాఖ గుడిసెలు పీకేయడం, వాళ్లు నాలుగు రోజుల తర్వాత మళ్లీ వేసుకోవడం మామూలైపోయింది. మిరప కోతల కాలంలో మేస్త్రీలకు వీళ్లు చౌకగా దొరికే కూలీలు. కూలిని డబ్బుగా కాక ఎండుమిర్చిగా పుచ్చుకోవడమూ ఉంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడినప్పుడు ములుగు జిల్లా పేరూరు నుంచి బీజాపూర్ వైపు అడవి దారిన నడిచిన మిరప కూలీల గుంపులో పన్నెండేళ్ల బాలిక ఇంటికి కొద్ది దూరంలో చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల మిరప కోతకు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అడిగితే జవాబు 2005 దగ్గర మొదలవుతుంది. మూసిన బడి, కాలిన ఇల్లు, విత్తనం లేని చేను.

చట్టం వీళ్లను ఎలా చూస్తుందన్నది ఇంకా కష్టమైన విషయం. కోయలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన కోయకు మాత్రం ఇక్కడ కుల ధ్రువపత్రం దక్కదు. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు హోదా మరో రాష్ట్రానికి వెంటరాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్‌నుంచి బొంబాయికి వెళ్లిన ఒక ఉద్యోగి కుటుంబానిది. మెడికల్ కాలేజీ సీటు గురించి. ఉద్యోగ రీత్యా వెళ్లిన కుటుంబానికి చెప్పిన నియమం ఇల్లు తగలబడి పారిపోయి వచ్చిన కుటుంబానికి కూడా అదే కావడం న్యాయం కాదు. ధ్రువపత్రం లేకపోతే పిల్లకు ఆశ్రమ పాఠశాల లేదు, యువకుడికి ఉద్యోగం లేదు, భూమికి పట్టా లేదు.

భూమి దగ్గర మరింత చిక్కు ఉంది. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టుకుంది. ఆ తేదీకి ముందు సాగులో ఉన్న అడవి భూమికే హక్కు. గుత్తికోయల్లో చాలామంది తెలంగాణలో పోడు కొట్టుకున్నది ఆ తేదీ తర్వాత. కాబట్టి ఇక్కడ హక్కు లేదు. అంతకుముందు సాగు చేసిన భూమి బస్తర్‌లో ఉంది, కానీ ఊళ్లో మనిషి లేడు, దరఖాస్తు పెట్టేవాడు లేడు. కాబట్టి అక్కడా లేదు. ఒకే తేదీ రెండు వైపులా తలుపు మూసింది. ఆ చట్టంలోనే 3(1)(ఎం) అనే నిబంధన, అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం హక్కు అంటుంది. కానీ అదీ 2005 డిసెంబరు 13కు ముందు వెళ్లగొట్టబడినవారికే. జుడుం జూన్‌లో మొదలైంది. మొదటి ఆరు నెలల్లో ఊరు విడిచిన కుటుంబానికి ఈ నిబంధన అక్షరాలా వర్తిస్తుంది. 2006లో విడిచిన పక్కింటి కుటుంబానికి వర్తించదు. పార్లమెంటు ఒక్క వాక్యం సవరిస్తే తీరే కష్టమిది.

2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచినప్పుడు, వలస వచ్చినవారి పోడు ఆ లెక్కలోకి రాలేదు. అంతకు కొద్ది నెలల ముందు, 2022 నవంబరులో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు మొక్కల గొడవలో ఒక అటవీ రేంజి అధికారి గుత్తికోయల చేతిలో హతుడయ్యాడు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని చంపడానికి ఏ బాధా సమర్థన కాదు. ఆ హత్య తర్వాత గుత్తికోయలనందరినీ పంపేయాలని ఆ పంచాయతీ తీర్మానించింది. ఘర్షణ ఇలాగే చోటు మారుస్తుంది. సుక్మాలో ప్రభుత్వానికి, మావోయిస్టులకు మధ్య మొదలైనది, పదిహేడేళ్ల తర్వాత తెలంగాణలో అటవీశాఖకు, వలసవాళ్లకు, స్థానిక కోయలకు మధ్య తేలింది.

ఇలాంటి చిక్కు దేశంలో తీరనిదేమీ కాదు. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవారు ఇరవై రెండేళ్లు శిబిరాల్లో బతికారు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి సంతకం చేసిన ఒప్పందం సుమారు 34 వేల మందికి త్రిపురలోనే స్థిరపడే వీలు కల్పించింది. 600 కోట్ల రూపాయల ప్యాకేజీలో ఇంటి స్థలం, ఇల్లు, ఒక్కో కుటుంబానికి 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్ ఉన్నాయి. తిరిగి వెళ్తావా అని అడిగారు, వెళ్లనంటే ఉన్నచోటే హక్కులిచ్చారు. బస్తర్ నిర్వాసితులను ఆ మాట అడిగిన ఉమ్మడి వ్యవస్థ ఏదీ ఏర్పడలేదు. కొలంబియాలో అంతర్యుద్ధం పూర్తిగా ముగియకముందే, 2011లో, బాధితుల చట్టం చేసి పేర్లు నమోదు చేయడం ప్రారంభించారు. ఆ జాబితాలో ఇప్పుడు 90 లక్షలకు పైగా పేర్లున్నాయి, అత్యధికులు ఊరు విడిచినవారే. ఆ దేశంలో శాంతి సగమే నిలిచింది. 2016 ఒప్పందం తర్వాత ఆయుధం దించిన మాజీ గెరిల్లాలను వందల సంఖ్యలో చంపారు. అయినా పేరు రాసుకోవడం అనే పనిలో ఆ రాజ్యం మన కన్నా ముందుంది.

ఇప్పుడు శిబిరం నుంచి నడిచిన అభివృద్ధి. దోర్నపాల్ నుంచి చింతల్నార్ మీదుగా జేగురుగొండ వెళ్లే రోడ్డు యాభై కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని వేయడానికి ఏళ్లు పట్టింది, ఎందరో జవాన్ల ప్రాణాలు పోయాయి. ఆ దారికి చేరువలోనే 2010 ఏప్రిల్ 6న మావోయిస్టుల తాడిమెట్ల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో రోడ్డు పనికి కాపలా ఉన్న 25 మంది చనిపోయారు. రోడ్డు వచ్చాక బియ్యం బండి వచ్చింది, జేగురుగొండలో పదమూడేళ్లు మూతపడ్డ బడి 2019లో తెరుచుకుంది. ఇవి చిన్న విషయాలు కావు. జేగురుగొండ తల్లికి బడిగంట మళ్లీ మోగడం ఏ సిద్ధాంతం కన్నా పెద్దది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘నియద్ నెల్లా నార్’ పథకం తెచ్చింది. ఆదివాసీ మాటలో ‘మీ మంచి ఊరు’ అని అర్థం. ఇల్లు, రేషన్ కార్డు, అంగన్‌వాడీ, కరెంటు, ఆరోగ్య కార్డు అన్నీ ఒక కట్టగా ఇవ్వాలన్నది ఆలోచన. అయితే ఆ పథకం కొత్త భద్రతా శిబిరానికి ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్లను ఎంచుకుంది. ఊరికి బియ్యం దక్కడానికి అర్హత ఆకలి కావాలి. ఇక్కడ శిబిరం నుంచి దూరం అయింది. ఆరో కిలోమీటరు ఊరివాళ్లు కూడా అదే రాజ్యాంగం కింద ఉన్నారు. పైగా పథకం తీసుకున్న ఊరు ఎవరి పక్షమో లోపలివాళ్లు, అంటే మావోయిస్టులు, కనిపెట్టి చూస్తారు. మేరీ ఆండర్సన్ హెచ్చరించింది సరిగ్గా దీని గురించే.

2021 మేలో సిలిగేర్ దగ్గర జరిగినది చూస్తే ఊళ్లు అభివృద్ధిని కాదనడం లేదని తెలుస్తుంది. రాత్రికి రాత్రి వచ్చిన శిబిరానికి వ్యతిరేకంగా కూడిన జనంపై మే 17న కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడిన గర్భిణి తర్వాత మరణించింది. ధర్నా ఏడాదికి పైగా నడిచింది. అక్కడి యువత అడిగింది ఆసుపత్రి, బడి, టీచరు. వద్దన్నది గ్రామసభను అడగకుండా వేసిన శిబిరాన్ని, ఊరి అవసరానికి మించిన వెడల్పు రోడ్డును. ఆ యువత పెట్టుకున్న మూలవాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరు చివర రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. ఆయుధం లేకుండా మాట్లాడటం నేర్చుకున్న తరం నోరు మూయించడం, శాంతి నిర్మాణం దృష్టితో చూస్తే, పెద్ద నష్టం. 1996 నాటి పెసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతపు గ్రామసభకు తన వనరులపై మాట చెల్లే అధికారం ఇచ్చింది. సిలిగేర్ యువత చట్టంలో ఉన్నదే అడిగింది.

న్యాయం మాటకొస్తే రెండు పక్షాల బాధితులకూ అది దక్కలేదు. తాడిమెట్ల కేసులో నిందితులు 2013లో నిర్దోషులుగా బయటపడ్డారు. 76 కుటుంబాలకు దోషి ఎవరో చట్టం చెప్పలేదు. బుర్కాపాల్ కేసులో 121 మంది ఆదివాసీలు సుమారు ఐదేళ్లు జైల్లో ఉండి 2022 జూలైలో నిర్దోషులుగా విడుదలయ్యారు. 2012 జూన్ 28 రాత్రి సార్కెగూడలో బలగాల కాల్పుల్లో చనిపోయిన 17 మంది మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక తేల్చింది. అది బయటికి వచ్చింది 2019లో. 2012 ఏప్రిల్‌లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు అపహరించి, ఆయన అంగరక్షకులిద్దరిని చంపినప్పుడు, మధ్యవర్తులుగా వెళ్లినవారు ఒకప్పటి బస్తర్ కలెక్టర్ బి.డి. శర్మ, ఆచార్య జి. హరగోపాల్. మే 3న కలెక్టర్ విడుదలయ్యారు. జైళ్లలోని ఆదివాసీల కేసులు సమీక్షించడానికి నిర్మలా బుచ్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ సమీక్ష నిజంగా సాగి ఉంటే బుర్కాపాల్ లాంటి సామూహిక అరెస్టులకు అడ్డు పడేది.

2024, 2025 ఏళ్లలో యుద్ధం ఒకవైపుకు ఒరిగింది. 2026 మార్చి 31లోగా మావోయిజాన్ని తుడిచేస్తామని కేంద్రం గడువు పెట్టింది. 2025 వేసవిలో మావోయిస్టు పార్టీ చర్చలకు సిద్ధమని లేఖలు రాసింది. ఆయుధం దించేదాకా మాటల్లేవని కేంద్రం జవాబు. మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ అడవుల్లో హతుడయ్యాడు. ఆయన శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటవాడు. అక్టోబరులో పార్టీ అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో పెద్ద సంఖ్యలో సహచరులతో లొంగిపోయారు. నవంబరు 18న సుక్మా జిల్లా పువర్తికి చెందిన మావోయిస్టు కమాండర్ మడావి హిడ్మా మారేడుమిల్లి దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. నాయకత్వంలో తెలుగువారు, సేనలో బస్తర్ ఆదివాసీలు: ఆ పార్టీ కూర్పు చివరిదాకా చాలావరకు అలాగే ఉంది. చనిపోయినవారిలోనూ జవాన్లు, సేనలవారు, ఊరివారు కలిపి చూస్తే ఆదివాసీలే అధికం.

కాల్పులు ఆగాక రావలసిన పనుల క్రమం కష్టమైనది కాదు, ఇష్టం కావాలి. ముందు లెక్క. రెండు తెలుగు రాష్ట్రాలు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా కలిసి ఊరు విడిచిన ప్రతి కుటుంబం పేరు, ఊరు, విడిచిన నెల రాసుకోవాలి. వెళ్తామన్నవారికి వెళ్లే దారి, ఉంటామన్నవారికి బ్రూల తరహా హక్కు. లొంగిపోయినవాడికి పోలీసు ఉద్యోగం ఒక్కటే దారి కాకూడదు. నేపాల్‌లో 2006 ఒప్పందం తర్వాత మాజీ గెరిల్లాల్లో ఎక్కువమంది సైన్యంలోకి కాక స్వచ్ఛంద విరమణతో ఇళ్లకు వెళ్లారు. బడికి కోయ, గోండి, దోర్లి మాట్లాడే టీచరు. ఆసుపత్రిలో రోగి మాట అర్థమయ్యే నర్సు. మలేరియా నిర్మూలన పేరుతో 2020లో బస్తర్‌లో మొదలైన ఇంటింటి రక్తపరీక్ష, ఆయుధం లేని సిబ్బంది ఊరి గడప తొక్కిన అరుదైన ప్రయత్నాల్లో ఒకటి. ఆ పద్ధతే మిగతా పనులకు నమూనా కావచ్చు.

ఊరికి తిరిగి వెళ్లేవాళ్లకు కాగితం ఎక్కడినుంచి వస్తుందన్నది చివరి ప్రశ్న. బస్తర్‌లో రెవెన్యూ సర్వే జరగని ఊళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని అక్కడ మసాహతీ గ్రామాలంటారు. సర్వే జరిగిన చోట పట్టా ఉన్న కుటుంబాల కాగితాలూ ఇళ్లతో పాటు కాలిపోయాయి. అటవీ హక్కుల నియమావళిలోని 13వ నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. గుడిసె పునాది, చేలో వేసిన గట్టు, బావి, శ్మశానం, దేవర గుడి వీటన్నిటినీ అది సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. రాతపూర్వకంగా నమోదు చేసిన పెద్దల వాంగ్మూలాన్నీ ఒప్పుకుంటుంది. గ్రామసభ కూర్చుని, చనిపోయినవారి కోసం నిలిపిన రాళ్లు ఏ కుటుంబంవో, పాత చింతచెట్టు, ఇప్పచెట్టు ఎవరి హద్దులో ఉందో చెప్పించుకుని రాసుకుంటే చాలు. ఆ హద్దులు నోటిలెక్కగా తెలిసిన పెద్దల్లో చాలామంది ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెం అడవుల గుడిసెల్లో ఉన్నారు. వాళ్ల వాంగ్మూలం తీసుకోవడానికి కిష్టారం గ్రామసభ సరిహద్దు దాటి రావలసి ఉంటుంది, లేదా వాళ్లను పిలిపించుకోవలసి ఉంటుంది.